38 మందిని తీసేస్తూ రాజీనామా రాయమంటున్నారు: ఈఎస్‌ఐ భృతి, రీస్కిల్లింగ్ డబ్బు, శిక్షణ ఖర్చు ఎవరికి ఏది వస్తుంది?

(ఒక చర్చా వేదికలో నడిచిన ప్రశ్న, జవాబులు ఇవి. ప్రతి భాగం పైన ఉన్నది రాసిన మనిషి కలం పేరు.)

సంఘం మనిషి (ప్రశ్న)

బాలానగర్ వైపు 64 మంది పనిచేసే ఒక మెషీన్ షాపు విషయం ఇది. ఆర్డర్లు పడిపోయాయని యాజమాన్యం వచ్చే నెలాఖరుకి 38 మందిని తీసేస్తామంటోంది. మిగిలిన 26 మందిని ఇంకో ఆరేడు నెలలు ఉంచుకుని, చేతిలో ఉన్న పని అయిపోగానే షెడ్డు మూసేస్తారట.

38 మందిలో 14 మంది లేత్, మిల్లింగ్ వాళ్ళు, 9 మంది ప్రెస్ షాపు, 11 మంది ప్యాకింగ్, ఇన్‌స్పెక్షన్‌లో ఉన్న ఆడవాళ్ళు, 4 మంది కాంట్రాక్టర్ మనుషులు. జీతాలు 14,500 నుంచి 26,000 దాకా. వయసులు 26 నుంచి 53 దాకా.

ఒక టైపు చేసిన కాగితం అందరికీ ఇచ్చారు. "వ్యక్తిగత కారణాల వల్ల రాజీనామా చేయుచున్నాను" అని ఉంది. సంతకం పెడితే సెటిల్‌మెంట్‌కి పైన ఒక నెల జీతం ఇస్తామంటున్నారు. పెట్టకపోతే "నష్టాల్లో మూసేసే కంపెనీ మూడు నెలల జీతం మించి ఇవ్వక్కర్లేదు" అంటున్నారు.

అడగాలనుకున్నవి మూడు. ప్రభుత్వం వైపు నుంచి ఉద్యోగం పోయినవాళ్ళకి వచ్చే డబ్బు ఏమేమిటి, ఏ క్రమంలో అడగాలి? కొత్త పని నేర్చుకోవడానికి ఫీజు ఎవరు కడతారు? 45 దాటిన వాళ్ళకి ఏ దారి ఉంది?

గెజిట్

ముందు ఆ కాగితం మీద ఎవరూ సంతకం పెట్టకుండా చూడండి. మిగతావన్నీ దాని తర్వాతే. ఒక నెల జీతం ఇచ్చి వాళ్ళు కొనుక్కుంటున్నది ఆ "రాజీనామా" అన్న మాటనే. ఆ మాట పడిందంటే చట్టం దృష్టిలో రిట్రెంచ్‌మెంట్ (యజమానే పనిలోంచి తీసేయడం) లేనట్టే. పరిహారం పోతుంది, నోటీసు జీతం పోతుంది, ఈఎస్‌ఐలో పెద్ద పథకం పోతుంది, రీస్కిల్లింగ్ ఫండ్ (తీసేసినవాళ్ళ పేరున యజమాని కట్టాల్సిన డబ్బు) కూడా పోతుంది.

రెండో మాట "లేఆఫ్". మనం మాటల్లో ఉద్యోగం పీకేయడాన్ని లేఆఫ్ అంటాం గానీ మన కార్మిక చట్టంలో లేఆఫ్ అంటే పని లేక తాత్కాలికంగా ఆపడం. మస్టర్ రోల్లో (హాజరు పట్టీలో) పేరు అలాగే ఉంటుంది. ఉత్తరంలో "లేఆఫ్" అని రాసి ఇస్తే ఈఎస్‌ఐ కౌంటర్‌లో "మీరింకా ఉద్యోగంలోనే ఉన్నారు కదా" అంటారు. కాబట్టి 38 మందికీ వచ్చే ఉత్తరంలో "రిట్రెంచ్‌మెంట్" అన్న పదం, చివరి పని రోజు తేదీ, కారణం, ఇచ్చే మొత్తాల వివరం ఉండాలి.

ఇక లెక్కలు. నాలుగు లేబర్ కోడ్లు 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చాయి, ఇప్పుడు చూడాల్సింది పారిశ్రామిక సంబంధాల కోడ్ 2020. రిట్రెంచ్‌మెంట్‌కి పాత సూత్రమే కొనసాగింది. నెల ముందు నోటీసు, లేదా దాని బదులు నెల జీతం. పైగా నిండిన ప్రతి సంవత్సరానికీ 15 రోజుల సగటు జీతం. ఆఖర్న ఆరు నెలలు దాటిన ముక్క మిగిలితే అదీ ఒక సంవత్సరమే. 18,000 జీతంతో 11 ఏళ్ళ 7 నెలలు చేసిన మనిషికి 12 ఏళ్ళ లెక్క: 12 × 9,000 = 1,08,000. గ్రాట్యుటీ దీనికి అదనం, దాని లెక్క వేరు: జీతాన్ని 26తో భాగించి 15తో, సర్వీసుతో హెచ్చించాలి. అదే మనిషికి 18,000 × 15 ÷ 26 × 12 అంటే దాదాపు 1,24,600.

జీతం అంటే ఏది అన్నది ఇక్కడ గట్టిగా అడగాలి. బేసిక్ 8,000 చూపించి 10,000 అలవెన్సులుగా విడగొట్టి ఉంటే, కొత్త నిర్వచనం ప్రకారం మినహాయించదగిన అలవెన్సులు మొత్తంలో సగం దాటకూడదు. దాటిన భాగం తిరిగి జీతంలో కలుస్తుంది. అంటే 18,000లో కనీసం 9,000 జీతంగా లెక్కలోకి రావాలి. పైన వేసిన లెక్క అలవెన్సులు లేని 18,000 మీద వేసింది. మీ వాళ్ళ పే స్లిప్పులు చూసి మార్చుకోండి.

"నష్టాలు, మూడు నెలలే" అన్న మాట తప్పు. యజమాని చేతిలో లేని తప్పనిసరి పరిస్థితుల వల్ల మూతపడితే పరిహారం మూడు నెలల సగటు జీతానికి పరిమితం అని ఉన్న మాట నిజమే. కానీ ఆర్థిక ఇబ్బందులు, నష్టాలు పేరుకోవడం, అమ్ముడుపోని సరుకు, లీజు గడువు తీరడం ఇవేవీ అలాంటి పరిస్థితుల కింద లెక్కకి రావని చట్టమే చెబుతోంది. పైగా ఈ 38 మందిది మూసివేత కానే కాదు, ఫ్యాక్టరీ నడుస్తూనే ఉంది. వాళ్ళది రిట్రెంచ్‌మెంట్.

ఇక రెండు దఫాల వ్యవహారం. 50 మందికి తక్కువ ఉన్నచోట మూసివేతకి ముందు ప్రభుత్వానికి 60 రోజుల నోటీసు ఇవ్వక్కర్లేదు. 64లోంచి 38 పోతే మిగిలేది 26. కాబట్టి రెండో బ్యాచికి ఆ 60 రోజుల హెచ్చరిక దొరక్కపోవచ్చు. ఆ 26 మంది ఇప్పట్నుంచే కాగితాలు సర్దుకోవాలి. ప్రభుత్వానికి నోటీసు లేకపోయినా వాళ్ళ నెల నోటీసుకి, పరిహారానికి ఢోకా లేదు.

ఇంకొకటి గుర్తుంచుకోండి: వర్కర్ నిర్వచనం. సూపర్‌వైజర్ పనిలో ఉండి నెలకి 18,000 దాటి తీసుకునేవాళ్ళు బయటికి పోతారు. హోదా పేరు "సూపర్‌వైజర్" అయినా చేతుల్తో మెషీన్ నడిపే మనిషైతే పనినిబట్టే చూడాలి, పేరునిబట్టి కాదు. అలాంటి వాళ్ళు ఉంటే రోజూ నింపే ప్రొడక్షన్ షీట్ల ఫొటోలు ఇప్పుడే తీసి పెట్టుకోమనండి.

చందాల లెక్క

ఈఎస్‌ఐ వైపు రెండు పథకాలున్నాయి. జనం రెండిటినీ కలిపేస్తున్నారు, అక్కడే నష్టపోతున్నారు.

ఒకటి రాజీవ్ గాంధీ శ్రామిక్ కళ్యాణ్ యోజన, 2005 ఏప్రిల్ 1 నుంచి ఉంది. ఫ్యాక్టరీ మూసివేత, రిట్రెంచ్‌మెంట్, లేదా పనితో సంబంధం లేని గాయంతో 40 శాతం, ఆపైన శాశ్వత అంగవైకల్యం, ఈ మూడిటికే వర్తిస్తుంది. కనీసం రెండేళ్ళ చందా ఉండాలి. మొదటి 12 నెలలు జీతంలో సగం, 13 నుంచి 24వ నెల దాకా పావు వంతు. భృతి అందుతున్నన్నాళ్ళూ కుటుంబానికి ఈఎస్‌ఐ వైద్యం ఆగదు. నైపుణ్య శిక్షణకి వెళ్తే ఫీజు, ప్రయాణ ఖర్చు ఈఎస్‌ఐ కార్పొరేషనే భరిస్తుంది. మీ రెండో ప్రశ్నకి సగం జవాబు ఇందులోనే ఉంది, చాలామంది ఈ సంగతి అడగరు.

రెండోది అటల్ బీమిత్ వ్యక్తి కళ్యాణ్ యోజన, 2018 జూలై 1న మొదలైంది. మొదట్లో పావు వంతు ఇచ్చేవారు, 2020 మార్చి 24 నుంచి సగం చేశారు. జీవితంలో ఒక్కసారే, గరిష్ఠంగా 90 రోజులు. ఉద్యోగం పోయిన 30 రోజుల తర్వాత క్లెయిం చేసుకోవచ్చు. దీనికి యజమాని సంతకం అక్కర్లేదు, నేరుగా పోర్టల్లో పెట్టుకోవచ్చు. రెండేళ్ళు బీమా ఉన్న ఉద్యోగంలో ఉండాలి. చందా కాలాలు ఏప్రిల్–సెప్టెంబరు, అక్టోబరు–మార్చి. ఉద్యోగం పోవడానికి సరిగ్గా ముందున్న చందా కాలంలో కనీసం 78 రోజులు, అంతకుముందు మూడింటిలో ఏదో ఒకదాంట్లో ఇంకో 78 రోజులు చందా పడి ఉండాలి. ఈ పథకం పొడిగింపుల మీద నడుస్తోంది కాబట్టి క్లెయిం పెట్టే రోజున గడువు చూసుకోండి.

నెలకి 18,000 చొప్పున రెండేళ్ళు విరామం లేకుండా చేసిన మనిషి లెక్క వేద్దాం.

అటల్ పథకంలో నాలుగు చందా కాలాల మొత్తం జీతాన్ని 730తో భాగిస్తారు. 4,32,000 ÷ 730 = 591.78. సగం 295.89. 90 రోజులకి 26,630 రూపాయలు. మధ్యలో నాలుగు నెలలు పని లేకపోయినా భాగించేది 730తోనే, కాబట్టి ఆ మేరకు రోజు మొత్తం తగ్గిపోతుంది.

రాజీవ్ గాంధీ పథకంలో అదే మనిషికి నెలకి సుమారు 9,000 చొప్పున 12 నెలలు, 4,500 చొప్పున 12 నెలలు. మొత్తం 1,62,000 చేరువలో.

26 వేలు ఎక్కడ, లక్షా 62 వేలు ఎక్కడ! ఈ తేడా తెచ్చేది గెజిట్ గారు చెప్పిన ఆ ఒక్క పదమే. ఒకే కాలానికి రెండు పథకాల డబ్బూ ఇవ్వరు. అర్హత ఉన్నవాళ్ళు పెద్దదే పట్టుకోవాలి. కాగితాలు లేవని తొందరపడి అటల్ క్లెయిం పెట్టేసేముందు బ్రాంచి ఆఫీసులో ఏది వస్తుందో అడగండి.

ఇప్పుడు యజమాని కంప్యూటర్లో జరిగే సంగతి. ప్రతి నెలా చందా ఫైల్ అప్‌లోడ్ చేసేటప్పుడు, సున్నా రోజులు పనిచేసినవాళ్ళ పక్కన ఒక కారణం కోడ్ వేయాలి. 2 అంటే ఉద్యోగం మానేశాడు. 8 పని నిలిపివేత. 10 రిట్రెంచ్‌మెంట్. 11 పని లేదు. ఫైల్ పెట్టే అకౌంటెంట్‌కి అలవాటుగా చెయ్యి 2 మీదకే పోతుంది. చేతిలో రిట్రెంచ్‌మెంట్ ఉత్తరం ఉండి, పోర్టల్లో 2 ఉంటే ఫైలు అక్కడే ఆగుతుంది. మీ సంఘం లిఖితపూర్వకంగా ఒక ఉత్తరం ఇవ్వండి: "ఈ 38 మందికీ కోడ్ 10, చివరి పని రోజు ఫలానా తేదీ." అందినట్టు ముద్ర వేయించుకోండి.

జీతం చిట్టీ కూడా సరిచూడండి. కార్మికుడి వాటా 0.75 శాతం, 18,000కి 135 రూపాయలు. యజమాని వాటా 3.25 శాతం, 585. చిట్టీలో 135 కోసి పోర్టల్లో ఆ నెల కనబడకపోతే యూనిట్ తెరిచి ఉండగానే ఫిర్యాదు పెట్టాలి. తాళం పడ్డాక ఆ నెలల చందా రాబట్టడం చాలా కష్టం.

సంఘం మనిషి

ఇద్దరికీ ధన్యవాదాలు. రాజీనామా కాగితాలు ఎవరూ ఇవ్వకుండా ఆపాం. రెండు సందేహాలు. 21,000 దాటిన ఆరుగురు టర్నర్లకి రెండేళ్ళ కిందట ఈఎస్‌ఐ ఆపేశారు. వాళ్ళకి దారే లేదా? కాంట్రాక్టర్ మనుషుల్ని అసలు వేరే చోటికి బదిలీ చేశాం అంటున్నారు.

చందాల లెక్క

21,000 పరిమితి చూసేటప్పుడు ఓవర్‌టైం కలపకూడదు. చందా మాత్రం అప్పట్లో ఓవర్‌టైం మీద కూడా కట్టాల్సి వచ్చేది. అంటే జీతం 20,400 ఉండి ఓటీతో 26,000 చేతికొచ్చే మనిషి పరిమితి లోపలే ఉన్నట్టు. అతన్ని బయటికి తీయడం తప్పు. ఆరుగురి చిట్టీలూ తెచ్చి ఓటీ వరస పక్కన పెట్టి మళ్ళీ కూడండి. కనీసం ఇద్దరు ముగ్గురు లోపలికి వచ్చే అవకాశం ఉంది. ఇంకో సంగతి: చందా కాలం మధ్యలో జీతం పెరిగి 21,000 దాటినా ఆ చందా కాలం ముగిసేదాకా కవరేజీ ఉంటుంది. మే నెలలో పెంచి జూన్ నుంచి ఆపేశారంటే అదీ తప్పే. నిజంగానే దాటినవాళ్ళకి ఈఎస్‌ఐ భృతి రాదు, పరిహారం, రీస్కిల్లింగ్ డబ్బే.

కాంట్రాక్టర్ మనుషుల చందా కాంట్రాక్టర్ కోడ్ మీద పడుతుంది. యూనిట్ మూతపడ్డా కాంట్రాక్టర్ సంస్థ మూతపడినట్టు కాదు, కాబట్టి మూసివేత కింద అడగలేరు. బదిలీ నిజమైతే ఉత్తరం, కొత్త చోటు, జీతం ఉండాలి. ఉత్తుత్తి బదిలీ అయితే, కాంట్రాక్టరే పని ఇవ్వనప్పుడు అటల్ పథకం వాళ్ళకి సరిపోతుంది, యజమాని సంతకం అక్కర్లేదు కాబట్టి. క్లెయిం ఏడాది దాటనివ్వకండి.

గెజిట్

రీస్కిల్లింగ్ ఫండ్ గురించి పైన వివరంగా చెప్పలేదు. కోడ్ సెక్షన్ 83 ప్రకారం రిట్రెంచ్ అయిన ప్రతి వర్కర్ పేరునా యజమాని 15 రోజుల ఆఖరి జీతం ఫండ్‌కి కట్టాలి. తొలగించిన 45 రోజుల్లోపు ఆ డబ్బు వర్కర్ ఖాతాలో పడాలి. సర్వీసు ఎంతైనా 15 రోజులే, ఏళ్ళతో హెచ్చించరు. ఇది పరిహారానికి అదనం. సెటిల్‌మెంట్ షీట్లో రెండిటినీ ఒకే వరసలో చూపించి కలిపేసే ప్రమాదం ఉంది, విడివిడిగా రాయించండి.

చట్టంలో ఒక మెలిక ఉంది: "రిట్రెంచ్‌మెంట్ విషయంలో మాత్రమే" అని రాశారు. మూసివేతకి ఇది రాదు. అంటే మీ మొదటి 38 మందిలో వర్కర్లకి వస్తుంది, ఆరు నెలల తర్వాత షెడ్డుతో పాటు పోయే 26 మందికి రాదు. పని పోవడంలో తేడా ఏమీ లేదు, కాగితం మీదే తేడా. ఈ లోపం సరిదిద్దాల్సింది చట్టసభలే. మీ స్థాయిలో చేయగలిగింది రెండో బ్యాచికి చర్చల్లో ఆ 15 రోజులు యజమాని నుంచి నేరుగా అడగడం.

ప్రైవేటు ఫ్యాక్టరీ కాబట్టి ఫండ్ నడపాల్సింది రాష్ట్ర ప్రభుత్వం. డబ్బు ఏ ఖాతాకి, ఏ ఫారంలో కట్టాలో కార్మిక శాఖ ఆఫీసులో ఉత్తరం పెట్టి అడగండి, జవాబు కాగితం మీదే తీసుకోండి.

మైక్రోమీటర్

శిక్షణ వైపు రాస్తాను. ఇక్కడ డబ్బుకంటే కోర్సు ఎంపికలోనే ఎక్కువ పోగొట్టుకుంటారు.

14 మంది లేత్, మిల్లింగ్ వాళ్ళకి సహజమైన మెట్టు సీఎన్‌సీ, అంటే కంప్యూటర్ ప్రోగ్రాంతో నడిచే మెషీన్. వీళ్ళకి మెటీరియల్ తెలుసు, టూల్ కోణాలు తెలుసు, డ్రాయింగ్ చదవడం వచ్చు. లేనిది ప్రోగ్రాం, ఆఫ్‌సెట్లు (మెషీన్‌కి ఇచ్చే టూల్ కొలతల సర్దుబాట్లు), కంట్రోల్ ప్యానెల్ అలవాటు. కాబట్టి సున్నా నుంచి మొదలుపెట్టే ఏడాది కోర్సు వీళ్ళకి దండగ. బాలానగర్‌లోనే సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది, కేంద్ర ఎంఎస్ఎంఈ శాఖ సంస్థ. అక్కడ సీఎన్‌సీ టర్నింగ్, మిల్లింగ్‌లో స్వల్పకాలిక కోర్సులుంటాయి. రాజీవ్ గాంధీ పథకం కింద ఫీజు అడగదలిస్తే చేరకముందే బ్రాంచి ఆఫీసులో ఆమోదం తీసుకోవాలి. ముందు కట్టేసి తర్వాత రసీదు తెస్తే తిరిగి ఇస్తారన్న ధీమా పెట్టుకోవద్దు.

ఏ సంస్థైనా సరే, చేరేముందు ఈ ఒక్క లెక్క వేయండి. మెషీన్లు ఎన్ని, బ్యాచిలో మనుషులు ఎందరు, రోజుకి స్పిండిల్ (మెషీన్‌లో తిరిగే ఇరుసు) నిజంగా తిరిగే గంటలు ఎన్ని. ఒక మెషీన్, 30 మంది, రోజుకి 6 గంటలు, 20 రోజులు. మొత్తం 120 గంటలు. మనిషికి 4 గంటలు. నాలుగు గంటల్లో ఎవరూ ఆపరేటర్ అవరు. మిగతా సమయమంతా సిమ్యులేటర్ ముందు కూర్చోబెడతారు. సిమ్యులేటర్ మీద తప్పు ఆఫ్‌సెట్ కొడితే తెర మీద ఎర్ర గీత వస్తుంది, మెషీన్ మీద కొడితే టూల్ వెళ్ళి చక్‌కి తగులుతుంది. ఆ భయం, ఆ జాగ్రత్త మెషీన్ దగ్గరే వస్తాయి. మనిషికి కనీసం 30, 40 మెషీన్ గంటలు రాని బ్యాచిలో చేరొద్దు.

కోర్సు చివర్న సర్టిఫికెట్ కంటే ఈ పని చేయగలిగాడా అన్నది చూడండి: ఖాళీ మెషీన్ దగ్గర నిలబడి, జా బిగించి, వర్క్ జీరో పట్టి, మూడు టూల్స్‌కి ఆఫ్‌సెట్ ఇచ్చి, సింగిల్ బ్లాక్‌లో ప్రోగ్రాం నడిపి, మొదటి ముక్క మైక్రోమీటర్‌తో కొలిచి, తేడాని వేర్ ఆఫ్‌సెట్‌లో సరిదిద్ది, రెండో ముక్కని 0.02 మిల్లీమీటర్ లోపల తేవాలి. వ్యాసం 0.06 పెద్దగా వచ్చిందంటే ఎక్స్ వేర్‌లో మైనస్ 0.06 వేయాలా 0.03 వేయాలా అన్నది ఆ మెషీన్ వ్యాసం లెక్కలో ఉందా అర్ధవ్యాసం లెక్కలో ఉందా అన్నదాన్నిబట్టి. పాత టర్నర్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే, మాన్యువల్ లేత్ డయల్ అలవాటు వల్ల. ఇంటర్వ్యూలో షాప్ ఫ్లోర్ మేనేజర్ అడిగేదీ సరిగ్గా ఇదే.

45 దాటిన వాళ్ళ సంగతి. ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన 4.0లో కొత్తగా నేర్పే స్వల్పకాలిక శిక్షణకి 45 ఏళ్ళ దాకానే. కానీ వచ్చిన పనికే పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే ఆర్‌పీఎల్‌కి 59 దాకా ఉంది. ఇరవయ్యేళ్ళు ప్రెస్ మీద పనిచేసి చేతిలో ఒక్క కాగితం లేని మనిషికి ఇదే సరైనది. కొద్ది గంటల బ్రిడ్జి తరగతి, ఆపైన అసెస్‌మెంట్. ఫీజు లేదు. నమోదు స్కిల్ ఇండియా డిజిటల్ హబ్‌లో, ఆధార్‌తో. ప్రెస్ వాళ్ళు పరీక్షలో తప్పేది పనిలో కాదు, మాటలో. చేతికి తెలిసిన డై క్లియరెన్స్‌ని, రెండు చేతుల బటన్ ఎందుకుందో అన్నదాన్ని నోటితో చెప్పమంటే ఆగిపోతారు. వారం రోజులు కూర్చోబెట్టి ఒకరినొకరు అడుగుకోమనండి.

"నూటికి నూరు ప్లేస్‌మెంట్" బోర్డు చూసి మోసపోకండి. 4.0లో స్వల్పకాలిక శిక్షణని ప్లేస్‌మెంట్‌తో ముడిపెట్టలేదు. కిందటి బ్యాచి ఎక్కడ చేరారో యూనిట్ల పేర్లు అడగండి, రెండు చోట్లకి ఫోన్ చేయండి.

పాత ఫైలు

మైక్రోమీటర్ గారితో ఒక్క దగ్గర ఏకీభవించలేను. ముందు కోర్సు, తర్వాత ఉద్యోగం అన్న వరస తిప్పాలి. భృతి మొదటి ఏడాదే సగం, ఆ తర్వాత పావు. అటల్ అయితే 90 రోజులే. ముందు చుట్టుపక్కల ఓ పది యూనిట్లకి వెళ్ళి "ఏ కంట్రోల్ మెషీన్ మీద మనిషి కావాలి" అని అడిగి, ఆ జవాబుని పట్టుకుని కోర్సు ఎంచుకోవాలి. ఫానుక్ కంపెనీ కంట్రోల్ ఉన్న యూనిట్లే ఎక్కువైతే సీమెన్స్ మీద నేర్పే బ్యాచిలో ఎందుకు?

ఈ దేశంలో శిక్షణ పేరుతో పెట్టిన డబ్బు ఎటు పోయిందో కూడా గుర్తుండాలి. 1992లో సరళీకరణతో పాటు నేషనల్ రెన్యూవల్ ఫండ్ పెట్టారు. పని పోయిన కార్మికులకి కొత్త నైపుణ్యం, కొత్త పని అన్నారు. డబ్బులో సింహభాగం స్వచ్ఛంద పదవీ విరమణ చెల్లింపులకే పోయింది, 2000లో ఫండ్ ఎత్తేశారు. ఆ తర్వాత కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థల వాళ్ళకి కౌన్సెలింగ్, రీట్రైనింగ్, రీడిప్లాయ్‌మెంట్ అని వేరే పథకం తెచ్చారు, ప్రైవేటు వాళ్ళకి కాదు. ఇప్పటి రీస్కిల్లింగ్ ఫండ్ కూడా నగదు ఖాతాలో వేయడమే. 18,000 జీతానికి సుమారు 9,000. అది మూడు నెలల అద్దెకి పోతుంది, కోర్సుకి మిగలదు. అందుకని ఆ డబ్బు పడ్డ రోజే వేరు చేసి, ప్రయాణానికి, కొలత పరికరాలకి, అసెస్‌మెంట్ రోజు పోయే కూలికి పెట్టుకోమని చెప్పండి. కోర్సు ఫీజు మాత్రం ఈఎస్‌ఐ నుంచో, ఉచిత పథకం నుంచో రావాలి.

ఉద్యోగం వెతికేటప్పుడు చేతిలో ఒక ఆయుధం ఉంది. ప్రధానమంత్రి వికసిత్ భారత్ రోజ్‌గార్ యోజన 2025 ఆగస్టు 1 నుంచి 2027 జూలై 31 మధ్య కొత్తగా ఇచ్చిన ఉద్యోగాలకి వర్తిస్తుంది. మొదటిసారి ఉద్యోగంలో చేరేవాళ్ళకి 15,000 దాకా ఇచ్చే డబ్బు మీ వాళ్ళకి రాదు, ఇంతకుముందే పీఎఫ్ ఖాతా ఉంది కాబట్టి. కానీ అదనంగా మనుషుల్ని పెట్టుకునే యజమానికి జీతాన్నిబట్టి మనిషికి నెలకి 3,000 దాకా రెండేళ్ళు, తయారీ రంగంలో నాలుగేళ్ళు ఇస్తారు. 10 వేలు దాటి 20 వేల దాకా జీతమైతే 2,000, 20 వేలు దాటితే 3,000. 50 మంది లోపున్న యూనిట్ కనీసం ఇద్దరిని, అంతకు మించినది ఐదుగురిని అదనంగా తీసుకోవాలి, ఆరు నెలలు ఉంచుకోవాలి. చిన్న యూనిట్ల ఓనర్లలో ఇది తెలియనివాళ్ళు చాలామంది. కాబట్టి ఒక్కొక్కరుగా వెళ్ళకండి. ఇద్దరు టర్నర్లు, ఒక ఇన్‌స్పెక్టర్ కలిసి ఒకే యూనిట్‌కి వెళ్ళి, ఈ లెక్క ఒక కాగితం మీద రాసి ముందు పెట్టండి. పాత పీఎఫ్ నంబరునే (యూఏఎన్) కొనసాగించమనాలి, కొత్తది తెరిపించొద్దు.

11 మంది ఆడవాళ్ళని "ప్యాకింగ్" అని రాసేయకండి. ఇన్‌స్పెక్షన్ చేసినవాళ్ళుంటే వాళ్ళకి వెర్నియర్, గో–నో గో గేజ్, రిజెక్షన్ రిజిస్టరు వచ్చు. అది క్వాలిటీ ఇన్‌స్పెక్టర్ పని. అనుభవ పత్రంలో ఏ పరికరంతో ఏ కొలత చూశారో యజమాని చేత రాయించండి. నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్లో, తెలంగాణ ఉద్యోగాల పోర్టల్ డీట్‌లో పేరు ఎక్కించేటప్పుడు కూడా ఆ పదాలే వాడాలి. యూనిట్లు ఆ పదాలతోనే వెతుకుతాయి.

సొంత పని అనేవాళ్ళకి పీఎంఈజీపీ ఉంది, బ్యాంకు అప్పుకి సబ్సిడీ ఇచ్చే కేంద్ర పథకం. గ్రామంలో పెట్టే 10 లక్షల తయారీ యూనిట్‌కి మహిళ వాటా 50,000, సబ్సిడీ 35 శాతం అంటే 3,50,000. ఆ సబ్సిడీ చేతికి రాదు, మూడేళ్ళు బ్యాంకులోనే లాక్ అయి ఉంటుంది, యూనిట్ నడిస్తేనే అప్పులో సర్దుతారు. పని పోయిన షాక్‌లో ఉన్న మనిషిని మొదటి నెలలోనే ఈ అప్పులోకి దింపకండి.

మైక్రోమీటర్

వరస గురించి మీరన్నది సరే, యూనిట్లని అడిగాకే కోర్సు. నేను చెప్పిన మెషీన్ గంటల లెక్క మాత్రం ఏ కంట్రోల్‌కైనా వేయాల్సిందే.

గెజిట్

ఒక చేర్పు. రిట్రెంచ్ చేసిన ఏడాదిలోపు అదే యూనిట్ మళ్ళీ మనుషుల్ని తీసుకుంటే తీసేసినవాళ్ళకే మొదటి అవకాశం ఇవ్వాలి. మీ 26 మందిలో ఎవరైనా మానేసి, ఆ స్థానంలో బయటి మనిషి వస్తే మీ జాబితా పట్టుకుని వెళ్ళండి. ఇంకా 38 మంది ఎంపిక ఎలా జరిగిందో కూడా చూడండి. ఒకే కేటగిరీలో చివర చేరినవాళ్ళు ముందు పోవాలి, లేదంటే కారణం రాయాలి. సీనియారిటీ జాబితా అడిగి తీసుకోండి.

చందాల లెక్క

ఈ వారంలోనే చేయాల్సింది ఇది, షెడ్డులో కంప్యూటర్, అకౌంటెంట్ ఉన్నప్పుడే.

ఆధార్, బ్యాంకు, ఈఎస్‌ఐ, పీఎఫ్ నాలుగింటిలో పేరు ఒకేలా ఉండాలి. మన దగ్గర ఇంటిపేరు ఒక చోట ముందు, ఒక చోట వెనక, ఇంకో చోట ఒక్క పొడి అక్షరం. పెళ్ళయిన ఆడవాళ్ళకి ఒక చోట పుట్టింటి పేరు, ఇంకో చోట అత్తింటి పేరు. భృతి మంజూరై కూడా ఖాతాకి చేరక వెనక్కి వచ్చేది ఎక్కువగా దీనివల్లే. ఈఎస్‌ఐలో చాలా సవరణలు యజమాని లాగిన్ నుంచే వెళ్తాయి. పీఎఫ్‌లో కూడా జాయింట్ డిక్లరేషన్ (సభ్యుడు, యజమాని కలిసి ఇచ్చే సవరణ పత్రం) అవసరమైతే దానికి యజమాని ఆమోదం కావాలి. ఒక పెద్ద కాగితం మీద 38 వరసలు, నాలుగు గడులు గీసి ప్రతి గడిలో పేరు, పుట్టిన తేదీ ఉన్నదున్నట్టు ఎక్కించండి. తేడా ఉన్న వరస ఎర్ర సిరాతో గుర్తుపెట్టి ఆ జాబితా అకౌంటెంట్‌కి ఇవ్వండి. ఆధార్‌కి కట్టిన ఫోన్ నంబరు ఇప్పటికీ వాడుతున్నదేనా అన్నది ఐదో గడి. ఓటీపీ దానికే వస్తుంది.

పీఎఫ్‌లో వైదొలగిన తేదీ యజమాని వేయకపోతే, ఆఖరి చందా పడిన రెండు నెలల తర్వాత సభ్యుడే పోర్టల్లో వేసుకోవచ్చు. పదేళ్ళ సర్వీసు నిండనివాళ్ళు పెన్షన్ డబ్బు తీసేసుకోవద్దు, స్కీం సర్టిఫికెట్ తీసుకుంటే కొత్త ఉద్యోగం సర్వీసు దానికి కలుస్తుంది. డబ్బు తీయక తప్పనివాళ్ళకి, ఐదేళ్ళు నిండకపోయినా యజమాని వ్యాపారం ఆపేయడం వల్లో, తమ చేతిలో లేని కారణంతోనో పని పోతే పన్ను కోత పడకూడదు. దానికీ మళ్ళీ ఆ రిట్రెంచ్‌మెంట్ ఉత్తరమే చూపించాలి. అసలు కాపీ ఎవరికీ ఇవ్వకుండా, ప్రతి మనిషీ నాలుగు జిరాక్సులు తీసి పెట్టుకోమనండి: ఈఎస్‌ఐకి ఒకటి, పీఎఫ్‌కి ఒకటి, లేబర్ ఆఫీసుకి ఒకటి, కోర్సుకి ఒకటి.